జీవితాంతం అని రాశారట

పట్టిసీమ

ప్రియమైన అబ్బాయి దుర్గాసాయికి, నాన్న పోతురాజు దీవెనలు.

ఫోనులో నాకు సగం వినబడదు, నువ్వేమో రెండు ముక్కలు చెప్పి పెట్టేస్తావు. అందుకే రాస్తున్నాను. మీ మిల్లు మేస్త్రి రేవులో కనబడి చల్లని మాట చెప్పాడు. రాజమండ్రిలో పెద్ద డాక్టర్ల బోర్డువాళ్ళు నీ చెయ్యి చూసి, మిల్లులో దెబ్బ తగిలినందుకు ఇచ్చే ఇ.ఎస్.ఐ. డబ్బు ఇక జీవితాంతం వస్తుందని రాశారట. నాయనా, నా సంతోషం ఎక్కడ పెట్టుకోను? గాయం మానేవరకే ఇస్తారనుకున్నాం కదా. నువ్వు ఇక్కడున్న మూడు నెలలూ, ఇంకో వారం పనికి పోవద్దని డాక్టరు రాసిన ప్రతిసారీ నువ్వు దిగులుపడేవాడివి, నేను చేపల కూర వండేవాణ్ణి. ఇక మిల్లుకి దండం పెట్టి వచ్చెయ్. పడవకి తారు పూయించాను. మీ అమ్మ పోయాక ఆ పడవలో నాకు ఎదురుగా కూర్చున్నది నువ్వొక్కడివే. పక్కింటి పెద్దింట్లమ్మ, "ఏంటి మావా, పెళ్ళికొడుకులా నవ్వుతున్నావు?" అంది. మావాడు వచ్చేస్తున్నాడే, ఇక ఎక్కడికీ పోడు అన్నాను. రేవంతా చెప్పేశాను.

ఏ బస్సుకొస్తావో రాయి.

నీ కోసం రేవులోనే కాచుకున్న
నాన్న


జంగారెడ్డిగూడెం

ప్రియమైన నాన్నకి,

మేస్త్రి చెప్పింది నిజమే. కానీ జీవితాంతం అంటే జీతమంతా కాదు నాన్నా. పామాయిల్ గెలల మిషన్లో పోయినవి మూడు వేళ్ళు. వాటివల్ల నా సంపాదన ఎంత తగ్గుతుందో బోర్డు లెక్కకట్టింది. నెలనెలా అంతే ఇస్తారు. నేను పని చేసినా అది ఆగదు. మిల్లులో కాటా దగ్గర కూర్చోబెట్టారు, లారీల తూకం రాయాలి. ఎడమ చేత్తో రాయడం నేర్చుకున్నాను. ఈ ఉత్తరమూ అలాగే రాశాను.

నేను రాను నాన్నా. ఆ మూడు నెలలూ నువ్వు వల లాగుతుంటే చూస్తూ కూర్చున్నాను. ఒడ్డుకి రాగానే చేపల్లో సగం "ఇది మావాడి వాటా" అని పక్కన పెట్టేవాడివి. అందరూ నా వైపు చూసేవాళ్ళు. నువ్వు సంబరంగా ఉండేవాడివి, అందుకే వద్దనడానికి నోరు రాలేదు. ఏడాది తర్వాత బోర్డు ఇంకోసారి చెయ్యి చూస్తుందట. అప్పుడు రాజమండ్రి వస్తాను.

కోపం పెట్టుకోకు.

నీ సాయి


పట్టిసీమ

ప్రియమైన సాయికి,

కోపమెందుకురా. నీ ఉత్తరం నాలుగు రోజులు జేబులోనే పెట్టుకు తిరిగాను. కుర్చీ ఉద్యోగమంటే మాటలా? మన ఇంటా వంటా కూర్చుని సంపాదించినవాడు లేడు. రేవంతా మళ్ళీ తిరిగి చెప్పాను. "మరి వచ్చేస్తాడన్నావుగా మావా?" అంది పెద్దింట్లమ్మ. "లారీలు వదిలిపెట్టడం లేదే" అన్నాను.

నీ చోట అప్పాజీని పడవలోకి తీసుకున్నాను. వల బాగా లాగుతాడు. వాటా అడిగి మరీ పట్టుకెళతాడు, నీకిక ఆ బాధ లేదు. నోరు మాత్రం మూయడు. నాకెలాగూ వినబడదు కాబట్టి నవ్వుతూ తల ఊపుతాను. నువ్వు మాట్లాడకుండా కూర్చున్నా నాకంతా వినబడేది.

బోర్డు మళ్ళీ పిలుస్తుందన్న ముక్క ఎన్నిసార్లు చదివానో. ఎంత మంచివాళ్ళురా వాళ్ళు. అక్కడికి వెళ్ళే ముందురోజు ఇటు దిగు. వాటా పెట్టను, ఉండమని అడగను. ఆ చెయ్యి మిల్లువాళ్ళు చూశారు, డాక్టర్లు చూశారు. ఇక్కడున్నన్నాళ్ళూ నాకు మాత్రం తువ్వాలు కింద దాచావు. ఈసారి వాళ్ళకంటే ముందు నాకు చూపించు.

ఎప్పటికీ నీ
నాన్న