గాజు మీద సుంకం

అన్నయ్యా,

నీ కుడిచేతికి కట్టు కట్టారని వదిన ఫోన్లో చెప్పి పెట్టేసింది. మళ్ళీ చేస్తే ఎత్తలేదు. అందుకే రాస్తున్నాను. చదవకుండా చింపెయ్యకు.

మీ అద్దాల కొట్టు మీద రాళ్ళు పడ్డప్పుడు ఆయన అక్కడ లేరు. సభ నుంచి నేరుగా ఇంటికొచ్చి వంటింటి గుమ్మంలో కూలబడ్డారు. ఆయన వేదిక ఎక్కింది వేరే మాట చెప్పడానికి. అది నీకూ తెలుసు. మా భోజనాల బల్ల దగ్గర మీరిద్దరూ గొంతులు పోయేదాకా వాదించుకుని తేల్చిన మాటే. బయటిదేశం గాజు మీద ఒక్క ఏడాది సుంకం వేస్తే ఈయన ఫ్యాక్టరీవాళ్ళు పాత కొలిమి బాగుచేసుకుంటారు, ఆ తర్వాత ఎత్తేయొచ్చు అని. "ఏడాదైతే ఎలాగో ఈదుతాను బావా" అన్నది నువ్వే.

వేదిక పక్కన, సభ పెట్టిన సుంకం కావాలనే పార్టీ నాయకుడు నవ్వాడట. "గడువులూ లెక్కలూ ఎవడు వింటాడయ్యా? నీ పొట్టకొట్టింది ఎవడో చెప్పు. ఏడుపొస్తే ఆపుకోకు" అన్నాడట. ఎదురుగా కొలిమి ఆరిపోయి రోడ్డున పడ్డవాళ్ళంతా ఉన్నారు. ఈయనకు నిజంగానే ఏడుపొచ్చింది. "నా భార్య అన్నే బయటి గాజు అమ్ముకుంటూ నా కూతురి నోటికాడి ముద్ద లాక్కుంటున్నాడు" అనేశారు. ఇక చప్పట్లు ఆగలేదట. అక్కడినుంచే కొందరు మీ కొట్టు మీదకి బయల్దేరారట.

"మామయ్య మనకి శత్రువా?" అని పాప అడిగింది. స్కూల్లో ఎవరో అన్నారట. ఆయన గోడవైపు తిరిగి పడుకున్నారు. ఇప్పుడు కాదంటే సొంతవాళ్ళే బతకనివ్వరని ఆయన భయం, నాకు తెలుసు. అయినా ఈ ఇంట్లో నాకు ఊపిరాడటం లేదు. ఆదివారం పాపని తీసుకుని వచ్చేస్తున్నాను, మళ్ళీ తిరిగి వెళ్ళను. ఆయనకింకా చెప్పలేదు. వదినని నువ్వే ఒప్పించాలి.

దిక్కుతోచని
నీ చెల్లి

*

బుజ్జమ్మా,

ఎడమచేత్తో రాస్తున్నాను, కూడబలుక్కుని చదువుకో. నిన్న నీ గుమ్మంలోంచి బావని పోలీసులు తీసుకెళ్ళింది నా మాట మీదే.

సుంకం వద్దనే పార్టీవాళ్ళు సభ పెట్టి నన్ను పిలిచారు. కట్టు కట్టిన చెయ్యి పైకెత్తి పట్టుకోమన్నారు. నేను ఏడాది మాటే ఎత్తాను. "మా బావా నేనూ ఒప్పుకున్నాం" అనేసరికి ఈలలు. "అమ్ముడుపోయాడు, దింపండి" అని కేకలు. ముందు వరసలో ఉన్నది నా దగ్గర కొనే మేస్త్రీలే. వాళ్ళు మొహాలు తిప్పుకుంటుంటే ఇక నా దగ్గర ఎవరు కొంటారనిపించింది. పక్కనున్న పెద్దమనిషి చెవిలో, "కొట్టు పగలగొట్టింది ఎవరో చెప్పవయ్యా, అది చాలు" అన్నాడు. "మా బావే" అన్నాను. అందరూ లేచి నిలబడ్డారు. ఒట్టు, ఒక్క క్షణం హాయిగా అనిపించిందే.

ఈ ఉదయం స్టేషన్‌కెళ్ళి, అబద్ధం చెప్పానని ఒప్పుకున్నాను. బయట మావాళ్ళు నా మీద ఉమ్మారు. బావ బయటికొచ్చి జేబురుమాలు ఇచ్చాడు. తిడతాడేమో అనుకున్నాను, తిట్టలేదు. నాతోపాటు కొట్టుకి వచ్చాడు. నాకు చెయ్యి ఆడదని గాజుపెంకులన్నీ తనే ఏరాడు. ఈ కొట్టు ఇక నడవదు. అతనికీ ఆ ఫ్యాక్టరీ గేటు దగ్గర నిలబడే మొహం లేదు. అయినా మా ఇద్దరికీ బుద్ధి రాలేదు. పెంకులు ఏరుతూనే, "ఏడాది సరిపోదు" అంటాడు, నేను అంతకు మించి కుదరదంటాను. మీ వదిన విసుక్కుని తలుపేసి పోయింది.

నీ ఉత్తరం సంగతి అతనికి చెప్పలేదు. వదిలేసి వస్తానంటే తప్పు పట్టను, ఇక్కడ నీకెప్పుడూ చోటుంది. కానీ తలుపు తీస్తావో లేదోనని అతను ఇంటికి రావడానికే జంకుతున్నాడు. ఈ ఉత్తరం అంటించి అతని చేతికే ఇస్తున్నాను. ముందు తలుపు తియ్యి. తర్వాత నీ ఇష్టం.

నీ
అన్నయ్య