కవల మాటల నోట్సు

జూన్ 16, 2025, సోమవారం

ఇవాళ బ్యాచ్‌కి పదకొండు మంది వచ్చారు. పోయినేడాది ఇదే వారానికి యాభై నాలుగు మంది ఉన్నారు. చాపలు చాలక సగం మందిని వరండాలో కూర్చోబెట్టాను.

మిగతావాళ్ళు ఎక్కడికి పోయారో నాకు తెలుసు. కాశీబుగ్గలో మా చిన్నారావు బిల్డింగ్ మేడ మీదికి. 'సుప్రజ మేడమ్ ఇంగ్లీష్' అని అక్కడ ఫ్లెక్సీ కట్టింది. మేడమ్ అట! ఈ మేడమ్ ఎనిమిదో తరగతిలో నా ట్యూషన్‌లో ఆఖరి వరసలో కూర్చునేది. వజ్రపుకొత్తూరు దాటాక సముద్రం ఒడ్డున వాళ్ళ పల్లె. చేపలు పట్టే ఇల్లు. రెండు ఆటోలు మారి పలాస వచ్చేది. నౌన్ అంటే ఏమిటో నా దగ్గరే నేర్చుకుంది. 2009లో నేనే బయటికి పంపేశాను. పంపినందుకు ఏనాడూ బాధపడలేదు. ఇవాళ మాత్రం అప్పుడే స్కూల్లో చెప్పి టీసీ కూడా చింపి చేతిలో పెట్టించాల్సింది అనిపించింది.

జూన్ 19, గురువారం

ఆవిడగారి వీడియో చూశాను. మా ఆవిడ పైడమ్మ ఫోన్‌లో చూపించింది. ఎందుకు చూపించిందో తనకే తెలియాలి.

చూసి ఒళ్ళు మండిపోయింది. పేషెంట్, పేషెన్స్ చెబుతోంది. ఒకటి ఆసుపత్రిలో వాడే మాట, ఇంకోటి బస్సు రానప్పుడు వాడే మాట అని. ఆ పోలిక నాది. ఆ తర్వాత కోస్ట్, కాస్ట్. ఆ తర్వాత బ్రెత్, బ్రెడ్త్. ఆ తర్వాత అడ్వైస్, డివైస్. ఇది ఏ పుస్తకంలోనూ లేని వరస. ఇరవై ఏడేళ్ళ కింద నేను బ్లాక్‌బోర్డు మీద ఒకటొకటిగా కూర్చుకున్న వరస. చూడ్డానికి కవల పిల్లల్లా ఉండి, పని చేసే చోటు మాత్రం వేరైన నౌన్లు. మొత్తం నూట నాలుగు జతలు. 'కవల మాటలు' అని పేరు పెట్టింది కూడా నేనే. తారకేశ్వరరావు మాస్టారి కవల మాటలంటే ఇటు టెక్కలి నుంచి అటు సోంపేట దాకా తెలుసు.

పద్ధతి కూడా నాదే. నేను జత చెబుతాను, పిల్లలు సొంత వాక్యాలు రాస్తారు, ఆదివారం పొద్దున్న నేను దిద్దుతాను. ప్రతి పేజీకీ ఎర్ర టిక్కు, గుడ్, సంతకం, తేదీ. బాగా నడిచిన రోజుల్లో వంద నోట్సులు గంటలో దిద్దేవాణ్ణి, పెసరట్టు చల్లారేలోపు. జిల్లాలో ఇంకెవరినైనా దిద్దమనండి చూద్దాం.

పైడమ్మ ఓసారి అడిగింది, చదివే పెడుతున్నారా అని. ఇన్నేళ్ళ తర్వాత చెయ్యే చదువుతుంది అన్నాను.

జూన్ 20, శుక్రవారం

ఐశ్వర్య కూడా మానేసింది. టెన్త్‌లో నాకున్న ఒక్క ర్యాంకు పిల్ల.

జూన్ 24, మంగళవారం

చిన్నారావు దగ్గరికి వెళ్ళాను. నాకు వరసకి బావమరిది, కలిసి చదువుకున్నాం. జీడిపప్పు వ్యాపారం, వార్డు రాజకీయం రెండూ చేస్తాడు. వాళ్ళ ఇంట్లో జీడిపిక్క కాల్చిన పొగ వాసన గోడలకి కూడా పట్టేసింది. నీ బిల్డింగ్‌లో దొంగ సరుకు అమ్ముతున్నారని చెప్పాను. పాఠానికి దొంగతనం ఏమిటని నవ్వాడు. నోట్సు నాది, వరస నాది, నా నోట్సు పక్కన పెట్టుకోకుండా ఆ పిల్ల ఒక్క రోజు కూడా పాఠం చెప్పలేదు, పందెం అన్నాను. సాక్ష్యం ఏదని అడిగాడు. ఆ నోట్సు ఆ గదిలోనే ఉంటుంది, పేజీ పేజీకీ నా ఎర్ర సంతకం ఉంటుంది, సంతకం ఎవరిదైతే సొత్తు వాళ్ళదే అన్నాను. చిన్నారావుకి ఈ మాట నచ్చింది. అతనికీ ఆ గది గోడౌన్‌కి కావాలి, అడగడానికి వంక దొరక్క ఆగాడు.

"నీ సంతకం సూపించు బావా, సాలు. మర్నాడే కాళీ సేయిత్తాను" అన్నాడు.

జూన్ 27, శుక్రవారం

ఎందుకు పంపేశానో రాసి పెట్టుకుంటాను. రేపు ఎవరైనా అడిగితే తడుముకోకూడదు.

2009 నవంబరు. ఆ పిల్ల నెలన్నరపాటు మంగళవారం, శుక్రవారం రాలేదు. మిగతా రోజులు వచ్చేది, కూర్చుని నిద్రపోయేది. ఎందుకు రావడం లేదని అందరి ముందూ నిలబెట్టి అడిగాను. నోరు విప్పలేదు. అబద్ధం చెప్పినా ఓర్చుకుంటాను, ఈ మౌనం నాకు పడదు. పొగరు అనుకున్నాను, ఇప్పటికీ అదే అనుకుంటున్నాను. వారానికి రెండు రోజులు చేపలు అమ్ముకోవాలనుంటే బుట్ట ఎత్తుకుని పొమ్మన్నాను. పిల్లలు నవ్వారు. ఆ మాట కొంచెం ఎక్కువే. కానీ క్రమశిక్షణ అన్నాక ఒక మాట ఎక్కువే పడుతుంది.

పోతూ పోతూ నోట్సు తెరిచి నా ముందు పెట్టింది. ఆ పేజీ మొన్న ఆదివారమే దిద్దాను కదా, టిక్కు కనబడ్డం లేదా అని పక్కకి తోసేశాను. అంతే జరిగింది.

జూన్ 29, ఆదివారం, మధ్యాహ్నం

గెలిచాను.

పొద్దున్నే చిన్నారావుని వెంటబెట్టుకుని మేడ ఎక్కాను. గది నిండా పిల్లలు. ఐశ్వర్య నన్ను చూసి తల దించుకుంది. సుప్రజ మాత్రం బెదరలేదు. కుర్చీ తెచ్చి వేసింది. నేను కూర్చోలేదు. అందరికీ వినబడేలా అడిగాను, ఈ నూట నాలుగు జతలూ ఎక్కడివి, నా నోట్సు నీ దగ్గర ఉందా లేదా అని. ఏడుస్తుందనుకున్నాను, లేదా వాదిస్తుందనుకున్నాను. రెండూ చెయ్యలేదు. ఇనప అలమరా తెరిచి, అట్ట మాసిన పాత నోట్సు తీసి నా చేతిలో పెట్టింది. కాగితాలు ఉప్పుగాలికి బిరుసెక్కాయి. అక్కడే రెండు పేజీలు తిప్పి చిన్నారావుకి నా సంతకం చూపించాను.

"తీసుకెల్లండి మాస్టారూ. మీ సంతకం ఉన్నకాడికి మీదే. ఒకపాలి సదవండి, అంతే" అంది.

నా నోట్సు నన్ను చదవమని చెబుతుంది! చిన్నారావు అక్కడికక్కడే రెండు రోజులు గడువిచ్చాడు. యూనిట్ టెస్టులు అయ్యేదాకా ఉండనివ్వమని అడిగింది. కుదరదన్నాడు. నోట్సు స్కూటర్ డిక్కీలో పడేసి ఇంటికొచ్చాను. చేపల పులుసులో ఇంకో గరిటె వెయ్యమని అడిగి మరీ తిన్నాను.

జూలై 1, మంగళవారం

ఖాళీ చేసేసింది. ఎదురుగా టీ కొట్లో కూర్చుని చూశాను. బల్లలు ఆటోలోకి ఎక్కించారు. బ్లాక్‌బోర్డుని ఐశ్వర్య, ఇంకో పిల్ల చెరో పక్కా పట్టుకుని దించారు. వాళ్ళ పల్లెలో కొబ్బరిచెట్ల మధ్య రేకుల షెడ్డు ఉందట, అక్కడ పెడుతుందట. పలాస నుంచి అంత దూరం ఎవరు పోతారు? రెండో టీ కూడా తాగి లేచాను.

జూలై 3, గురువారం

ఎనిమిదిమంది తిరిగొచ్చారు. మొత్తం పద్దెనిమిది మంది. ఐశ్వర్య రాలేదు. రాకపోతే మానె.

జూలై 6, ఆదివారం, ఉదయం 9

నోట్సులు దిద్దాను. పది నిమిషాల్లో అయిపోయాయి. మొత్తం పందొమ్మిది.

ఉదయం 9.20

పద్దెనిమిది మందికి పందొమ్మిది నోట్సులు ఎలా వచ్చాయి?

ఉదయం 11

పైడమ్మ స్కూటర్ డిక్కీ సర్దుతూ ఆ పాత నోట్సు తీసి పిల్లల నోట్సుల్లో పెట్టింది. తెలిసి పెట్టిందో తెలియక పెట్టిందో అడగలేదు. నేను దాన్నీ దిద్దేశాను. తెరిచి ఉన్న పేజీకి టిక్కు, గుడ్, సంతకం, 6-7-2025. దాని పక్కనే, వేలెడు దూరంలో, నాదే ఇంకో టిక్కు, గుడ్, సంతకం. 15-11-2009.

ఆ రెండు టిక్కుల పైన ఉన్న పేజీ మొత్తం చదివాను. ఇంగ్లీషులో రాసింది. ఇక్కడ తెలుగులోనే రాసుకుంటున్నాను.

పేషెంట్. మా నాన్న గున్నయ్య పేషెంట్. కిడ్నీలు పాడయ్యాయి. మంగళవారం, శుక్రవారం విశాఖపట్నంలో మెషీన్ మీద పెడతారు.

పేషెన్స్. మా అమ్మకి పేషెన్స్ అయిపోయింది. అందుకే నాన్నకి తోడు నేను వెళ్తున్నాను.

కోస్ట్. మేము కోస్ట్‌లో ఉంటాం. కళ్ళ ముందు అన్ని నీళ్ళు, మా ఊరి నీళ్ళు తాగితే కిడ్నీలు పోతాయని భయం.

కాస్ట్. రైలు టికెట్ కాస్ట్ కోసం వల అమ్మేశారు.

బ్రెత్. నాన్నకి పడుకుంటే బ్రెత్ అందదు.

బ్రెడ్త్. రైల్లో బల్ల బ్రెడ్త్ ఇద్దరికి చాలదు. నాన్న కూర్చుంటాడు, నేను నిలబడతాను. మర్నాడు క్లాసులో నిద్ర వస్తుంది.

అడ్వైస్. సార్, ట్యూషన్ మానాలా వద్దా, మీరు అడ్వైస్ ఇవ్వండి. క్లాసులో చెబితే నవ్వుతారు. మీరు ప్రతి పేజీ చూస్తారు కదా, అందుకని ఇక్కడ రాశాను.

డివైస్. మా ఇంట్లో ఫోన్ లాంటి డివైస్ ఏదీ లేదు. మీరు చదివితే చాలు.

కింద గుడ్.

బుట్ట ఎత్తుకుని పొమ్మన్నది ఆ తర్వాతే, ఆ వారంలోనే. ఆమె తెరిచి నా ముందు పెట్టింది ఈ పేజీనే.

సాయంత్రం 5

మిగతా పద్దెనిమిదీ మొదటి నుంచి చదివాను. ఇప్పటికి అయ్యాయి. మధ్యలో భోజనానికి లేవలేదు. ఒకడు కోస్ట్ కింద వాళ్ళ అన్న చెన్నై హార్బర్‌లో ఉన్నాడని, ఫోన్ చెయ్యడం లేదని రాశాడు. దానికీ పొద్దున్న గుడ్ పెట్టాను.

జూలై 8, మంగళవారం

చిన్నారావు దగ్గరికి వెళ్ళాను. గది మళ్ళీ ఆ పిల్లకి ఇప్పించమన్నాను. అప్పటికే గోడౌన్ చేసేశాడు, పిక్కల బస్తాలు కిటికీ ఎత్తున ఉన్నాయి. ఎందుకు మనసు మారిందని అడిగాడు. పొరపాటు పడ్డాను, నోట్సు నాది కాదు అన్నాను.

"సంతకం సూపించింది నువ్వే కదా బావా" అన్నాడు.

అక్కడే అతన్ని కొట్టాలనిపించింది. నిజానికి కొట్టాల్సింది అతన్ని కాదు.

జూలై 10, గురువారం

వాళ్ళ పల్లెకి పోయాను. స్కూటర్ మీద కాదు, ఆటోల్లో, రెండు మారి. గంటా పది నిమిషాలు పట్టింది. ఆ పిల్ల రోజూ ఇలాగే వచ్చేది.

కొబ్బరిచెట్ల మధ్య రేకుల షెడ్డు. పలాస పిల్లలు కూడా తొమ్మిదిమంది ఉన్నారు, బ్యాగులు చూసి గుర్తుపట్టాను. బయట వాళ్ళ అమ్మ ఎర్రమ్మ చేపలు ఎండబెడుతోంది. ఎవరని అడిగింది. ఇంగ్లీషు మాస్టారినని చెప్పాను. ఆమె చేతులు తుడుచుకుని లోపలికి పోయి మంచినీళ్ళ క్యాన్ తెచ్చింది, గ్లాసు కడిగి మరీ పోసింది. పేరు చెప్పకుండా తాగేశాను. చెబితే పోసేది కాదేమో.

క్లాసు అయ్యాక సుప్రజ వచ్చింది. నోట్సు ఇచ్చాను. చదివానన్నాను. తలూపింది. నాన్న గురించి అడిగాను. ఆ సంక్రాంతి వెళ్ళిన వారానికే పోయాడని చెప్పింది. వరస ఎందుకు మార్చలేదని కూడా అడిగేశాను, సిగ్గు లేకుండా. ఆ పేజీ తనకి కంఠతా వచ్చని, పిల్లలెవరైనా ఏ జత దగ్గర ఆగిపోయారో చూస్తే ఇంట్లో ఏమైందో తెలుస్తుందని, అందుకే అదే వరసలో చెబుతున్నానని అంది. ప్రతి నోట్సూ చదువుతుందట. నన్ను దెప్పడానికి అనలేదు. దెప్పినా బాగుండేది.

క్షమించమని అడుగుదామని గొంతు సవరించుకున్నాను. ఈలోపు ఆమె పేజీ తెరిచింది. అక్కడే ఆగిపోయింది. వేలు పెట్టి చూపించింది.

"ఈ రెండో తేదీ ఏటి మాస్టారూ?"

చెప్పకుండా లేచి వచ్చేశాను. ఆటో దొరక్క చాలా దూరం నడిచాను.

జూలై 13, ఆదివారం

ఈ డైరీ మొదటి నుంచి చదివాను. జూన్ 29 దగ్గర 'గెలిచాను' అని ఉంది. ఎర్ర సిరాతో ఇంటూ కొట్టాను.

సంతకం పెట్టలేదు.