దుమ్మెత్తిపోయడమంటే

అన్నకు, ప్రొద్దుటూరు నుంచి నీ చెల్లెలి నమస్కారం.

నోటికొచ్చినట్టు తిట్టడాన్ని దుమ్మెత్తిపోయడమని ఎందుకంటారో నీ బడిపిల్లల కోసం మా అత్తను అడగమన్నావు. అడిగాను. "నోటితో చెప్తే యాడ తెలుస్తాది? కడుపు మండితే ఇట్ల పోస్తాం, చూడు" అంటూ ఆమె వీధిలోకి దిగి, రెండు చేతులా దుమ్మెత్తి ఎదురింటి ఓబుళమ్మ వాకిట్లో పోసి, "నీ ఇల్లు మన్నుగాను!" అని శపించింది. ఓబుళమ్మ ఊరుకుంటుందా? "దుమ్ము నీకొక్కదానికే ఉండాదా?" అని చేటనిండా తెచ్చి మా మీద పోసింది.

మేము తాగేది వాళ్ళ బావినీళ్ళే. మూడు రోజులుగా పెన్నదాకా నడిచి తెస్తున్నాను. ఇదంతా పాఠం కోసమేనని చెప్పి వస్తానంటే అత్త ఒప్పుకోవడం లేదు. "ఆ మాట చెప్తివా, నేను పోసిన దుమ్మంతా దండగైపోతాది" అంటోంది.

ఆదివారం జమ్మలమడుగు నుంచి వచ్చి, ఓబుళమ్మకు నువ్వే చెప్పు. అత్త కంటపడకుండా వాళ్ళ పెరటి దారిన పో.