పదకొండు రోజుల ఆలస్యం

నౌకాదళ కార్యాలయ అధికారి గారికి,

శత్రు విమానాలు బాంబులు వేసి యుద్ధనౌకను ముంచేశాయని, ఇంజను గదిలో పనిచేసే నా భర్త మరణించారని మీరు రాసిన ఉత్తరం అందింది. అయ్యా, ఆయన బతికే ఉన్నారు. చేపల పడవవాళ్లు నీళ్లలోంచి తీసి ఒడ్డుకు చేర్చారు. చేతులు రెండూ కాలిపోయాయి.

ఇంటికి వచ్చిన రోజే ఆయన చెబుతుంటే నేను మీకు ఉత్తరం రాశాను. పోస్టు చేశానని ఆయనకు చెప్పి, బీరువాలో బట్టల కింద దాచాను. చేతులు మానగానే ఇంకో ఓడ ఎక్కిస్తారేమోనని నా భయం.

పదకొండు రోజులుగా, గుమ్మం ముందు సైకిల్ చప్పుడైతే చాలు, "మనకేనా?" అని అడుగుతున్నారు. నిన్న అన్నం తినిపిస్తుంటే ముద్ద వద్దని తల తిప్పుకుని, "ఆఫీసువాళ్లు జవాబు కూడా రాయలేదంటే, మావాళ్లలో ఒక్కడూ మిగల్లేదేమోనే," అన్నారు. ఆయన ఏడవడం నేను ఎన్నడూ చూడలేదు. నిన్న చూశాను.

ఆ ఉత్తరాన్ని దీనితో జతచేస్తున్నాను. తనతో ఇంజను గదిలో పనిచేసిన తొమ్మిదిమంది గురించి ఆయన అందులో అడిగారు; వాళ్లలో ఎవరెవరు బతికి ఉన్నారో దయచేసి వెంటనే తెలపండి. ఆలస్యానికి శిక్ష ఏదైనా ఉంటే నాకే వేయండి. ఆయనకు ఇంకా ఈ సంగతి తెలియదు. ఈ కవరు పోస్టులో వేసి వచ్చి, నేనే చెబుతాను.

ఇట్లు,
ఇంజను గది మెకానిక్ భార్య