అన్నీ కలిపే, బీర్లు విడిగా

జహీరాబాద్,
జూన్ 9.

పచ్చతోరణం రిసార్ట్ మేనేజర్ గారికి,

జహీరాబాద్ నుంచి శరణమ్మ నమస్కరించి రాస్తున్నది. ముందు ఫోనే చేశాను. తెలుగు కావాలంటే రెండు నొక్కమన్నారు, నొక్కాను. తర్వాత చాలాసేపు వేణువు వినిపించారు. దానికి కూడా బిల్లు వేస్తారేమోనని భయమేసి పెట్టేశాను. అందుకే ఈ ఉత్తరం.

పోయిన నెల మా పెళ్లయి పాతికేళ్లు నిండాయని మా అబ్బాయి పవన్ మీ దగ్గర "అన్నీ కలిపే" ప్యాకేజీ కొన్నాడు. నేను, మా ఆయన విరూపాక్ష, ఆయన అక్క గిరిజమ్మ వదిన వచ్చి రెండు రాత్రులు ఉన్నాము. పెళ్లిరోజుకు వదిన ఎందుకని మీవాళ్లు అడిగారు. ఆ మాట అడిగే ధైర్యం మాకు పాతికేళ్లలో రాలేదు.

ఇప్పుడు బిల్లు వచ్చింది. అన్నిటితో కలవనివి ఇన్ని ఉన్నాయని నాకు తెలియదు. చెట్టు కింద కూర్చున్నందుకు ప్రకృతి నిర్వహణ రుసుము. చలిమంట ప్యాకేజీలో ఉందట, కట్టెలు లేవట. మేము తెచ్చుకున్న జొన్నరొట్టెలకు బయటి తిండి రుసుము. కొత్తచోట పడుకుంటున్నామని గడపకు పసుపు రాసి బొట్టు పెట్టాను, దానికి మరక తొలగింపు. ఇవన్నీ కట్టేస్తాను. నా ఇంటి లెక్కల్లో "నేర్చుకున్నవి" అని కొత్త పద్దు తెరిచి రాసుకున్నాను కూడా.

కానీ చివరి వరుసలో ఆరు బీర్లు ఉన్నాయి. అవి ఎక్కడివి?

బిల్లు వచ్చినప్పుడు వదిన గుమ్మంలోనే ఉంది. తమ్ముడి పేరు చూసి తనే కవరు చించి చదివి, వీధి అంతా వినేటట్టు అడిగింది: "ఏందిరా విరూపాక్షా, పెండ్లిరోజని ఆరు బీర్లు కొట్టినవా?"

మా ఆయన మెడలో లింగం ఉన్న మనిషి. శ్రావణమాసమంతా మా మఠంలో వచ్చినవాళ్లందరికీ దాసోహం, అంటే అన్నం పెడతారు. ఆ వంటశాల తాళం మా మామగారి దగ్గర ఉండేది. ఈ ఏడు మా ఆయన చేతికి ఇద్దామని పెద్దలు అనుకున్నారు. తాగేవాళ్లకు ఆ తాళం ఇవ్వరు. వచ్చే నెల కూర్చుని తేలుస్తారు. కాబట్టి విరూపాక్ష తాగలేదని ఒక్క వాక్యం రాసి పంపండి. నాకు ఇంకేమీ వద్దు.

ఇట్లు,
శరణమ్మ

తా.క. మీ దగ్గర గాలి మాత్రం మంచిది. రెండో రోజు మా వదిన మోకాళ్ల నొప్పి మర్చిపోయి ఊయలలో కూర్చుని పాటలు పాడింది. ఆమె పాడగా నేను ఎన్నడూ వినలేదు. ఊయలకూ రుసుము వేశారు, అది సంతోషంగా ఇస్తాను.


వికారాబాద్ రోడ్,
జూన్ 16.

గౌరవనీయులైన శరణమ్మ గారికి,

పచ్చతోరణం అతిథి సంతృప్తి విభాగం నుంచి ప్రేమ్‌సాగర్ హృదయపూర్వక నమస్కారాలు.

మీ ఉత్తరం చదివి మా విభాగమంతా కదిలిపోయింది. విభాగంలో ఉన్నది నేనొక్కణ్ణే, అయినా కదిలాను. ఆరు బీర్ల ధర మీకు భారమైందని అర్థమైంది. పాతికేళ్ల దాంపత్యాన్ని గౌరవిస్తూ, మీ శ్రీవారు తాగిన ఆరింటిలో మూడు ఉచితం చేశాము. మిగిలిన మూడింటికి మాత్రం కడితే చాలు.

మీరు మెచ్చుకున్న గాలికి ప్రస్తుతం రుసుము లేదు.

సదా మీ సేవలో,
ప్రేమ్‌సాగర్

తా.క. కవరు ఖర్చు మీ మీద పడకూడదని కార్డు మీద రాస్తున్నాను. వెనక మా ఈతకొలను బొమ్మ ఉంది. దాచుకోండి.


జహీరాబాద్,
జూన్ 21.

ప్రేమ్‌సాగర్ గారికి,

శరణమ్మ నమస్కారాలు. మీ కార్డు చేరింది. నా దాకా చేరే లోపల ఇంకా చాలామందికి చేరింది.

పోస్టుమ్యాన్ దాన్ని మా అల్లం మండీలో ఇచ్చాడు. గుమాస్తా మాణిక్‌కు ఏ కాగితం దొరికినా గట్టిగా చదివే అలవాటు. కోహీర్ నుంచి అల్లం తెచ్చిన రైతులు, హమాలీలు, అందరూ విన్నారు. "సేఠ్, సగం మాఫ్ చేసిన్రట, ముబారక్" అని ఒకాయన మా ఆయన చెయ్యి పట్టుకుని ఊపాడు. న్యాల్‌కల్ రైతు ఒకాయన మీ రిసార్ట్ అడ్రసు రాసుకున్నాడు. మా ఆయన ఆ రోజు అన్నం తినలేదు.

సాయంత్రం వదిన వచ్చి కుర్చీ కూడా వేసుకోకుండా అన్నది: "మూడు మాఫ్ చేసిన్రంటే మూడు ఒప్పుకున్నట్టే గదనే శరణీ. నా తమ్ముడు గిట్లయితడనుకోలే. నేను మీ ఇంట్ల నీళ్లు గూడ ముట్ట." చాయ్ మాత్రం తాగిపోయింది. చాయ్ నీళ్ల కింద రాదట.

నేను అడిగింది తగ్గింపు కాదు. ఆరు తాగలేదు, మూడు తాగలేదు, ఒకటీ తాగలేదు. మళ్లీ చూడండి. ఎవరి బిల్లో మా బిల్లులో కలిసి ఉంటుంది. ఏమైనా రాస్తే కవరులో పెట్టి అతికించండి.

ఇట్లు,
శరణమ్మ

తా.క. కవరు ఖర్చుకని అయిదు రూపాయల స్టాంపు ఒకటి లోపల పెట్టాను. మీ గడపకు నా కానుక అనుకోండి. దీనికి పసుపు రాయలేదు, మరక కాదు.


వికారాబాద్ రోడ్,
జూన్ 27.

శరణమ్మ గారికి,

ప్రేమ్‌సాగర్ నమస్కారాలు. ఈ ఉత్తరం మీరు ఒంటరిగా ఉన్నప్పుడు చదవగలరని మనవి.

అమ్మా, మీలాంటి ఉత్తరాలు మాకు కొత్త కాదు. "మా ఆయన అట్లాంటివాడు కాదు" అని ఎందరో గృహిణులు రాస్తుంటారు. మీ మనసు నాకు తెలుసు. కానీ యంత్రానికి మనసు లేదు. గదిలోని ఫ్రిజ్‌లో ప్రతి సీసా కింద ఒక చిన్న కన్ను ఉంటుంది. సీసా లేస్తే కాసేపటికి అదే బిల్లులో ఎక్కిపోతుంది. మళ్లీ పెట్టినా దిగదు. మీ బిల్లు మళ్లీ చూశాను. రెండో రోజు ఉదయం టిఫిన్ కాగానే ఆరు సీసాలూ ఒకదాని వెనక ఒకటి, రెండు నిమిషాల్లో లేచాయి.

రెండు నిమిషాల్లో ఆరు. మా బార్‌లో పనిచేసే కుర్రాళ్లు నమ్మలేదు. ఒకడు లేచి నిలబడ్డాడు. ఆ తర్వాత కూడా మీ శ్రీవారు తోటలో నడుస్తూ మా మాలికి అల్లం ఎట్లా నాటాలో వివరించారని తెలిసి ఇంకా ఆశ్చర్యపోయాము.

ఆయన గౌరవార్థం చిన్న కానుక పంపుతున్నాను. ఇది పూర్తిగా ఉచితం. రవాణా మాత్రమే విడిగా.

మీ బాధలో భాగస్తుడు,
ప్రేమ్‌సాగర్

తా.క. అలవాటు మాన్పించే శిబిరం కూడా మా రిసార్ట్‌లో ఉంది. మూడు రోజులు, అన్నీ కలిపే.


జహీరాబాద్,
జులై 3.

ప్రేమ్‌సాగర్ గారికి,

నమస్కారం. మీ కానుక మండీకే వచ్చింది. మూరెడు ఎత్తున్న బీరు గ్లాసు, దాని మీద బంగారు అక్షరాలతో "మా రాజా అతిథి విరూపాక్ష గారికి". మాణిక్ పెట్టె విప్పి, అక్షరాలు కాబట్టి గట్టిగా చదివాడు. మా ఆయన దాన్ని గోనె సంచిలో చుట్టి ఇంటికి తెచ్చి, "శరణమ్మా, నేను తాగిన్నేమో, నాకే యాద్ లేదేమో" అన్నాడు. అంత దూరం వచ్చింది మనిషికి.

కానీ మీ ఉత్తరంలో ఒక మేలు జరిగింది. సీసాలు లేపింది ఎవరో తెలిసిపోయింది. నేనే.

ప్రేమ్‌సాగర్ గారూ, మీ పెరుగు పుల్లన. అందుకని మొదటి రోజే పాలు అడిగి తీసుకుని (పాలకూ రుసుము వేశారు) గిన్నెలో తోడు పెట్టాను. తెల్లారి అది ఫ్రిజ్‌లో పెడదామని తలుపు తీస్తే లోపల ముక్కిన వాసన. మురికి ఫ్రిజ్‌లో పెరుగు ఎట్లా పెట్టను? ఆరు సీసాలూ తీసి బల్ల మీద పెట్టి, అరలు బాత్‌రూమ్‌లోకి తీసుకుపోయి సబ్బుతో కడిగి, తుడిచి, ఆరబెట్టి, మళ్లీ ఆరూ వరుసగా పెట్టాను. పరాయి సొమ్ము కదా, ఒక్కటి తగ్గినా మాట వస్తుందని, నేను కడుగుతున్నంతసేపు బల్ల దగ్గర గిరిజమ్మ వదినను కాపలా కూడా కూర్చోబెట్టాను. మా ఆయన టిఫిన్ కాగానే మీ మాలి దగ్గరికి పోయాడు, తోటలో ఉన్నాడని మీరే రాశారు.

మీ దగ్గర గదులు ఊడ్చే హనుమమ్మను అడగండి. నేను కడుగుతుంటే చూసి, "మీరు గెస్టేనా అమ్మా?" అన్నది ఆమెనే.

పెద్దలు కూర్చునేది వచ్చే సోమవారం కాక ఆ పై సోమవారం. ఆలోపల కాగితం కావాలి.

ఇట్లు,
శరణమ్మ

తా.క. ఫ్రిజ్ కడిగిన కూలి నేను అడగడం లేదు. బిల్లులు ఎట్లా వేయాలో మీ దగ్గర నేర్చుకున్నాను కాబట్టి అడగగలను అని మాత్రం చెప్తున్నాను.


వికారాబాద్ రోడ్,
జులై 9.

శరణమ్మ గారికి,

ప్రేమ్‌సాగర్ తలవంచి రాస్తున్నాడు. హనుమమ్మను అడిగాను. ఫ్రిజ్ అంత తెల్లగా ఉంటుందని తనకు ఆ రోజే తెలిసిందట. తప్పు నాదే. బీర్ల పద్దు కొట్టేశాము.

అయితే, కాగితం రాయబోతే ఒక చిక్కు వచ్చింది. మీ తర్వాత ఆ గదిలో దిగిన హైదరాబాద్ దంపతులు ఒక సీసా తెరిచారు. మూత వదులుగా ఉందట. లోపల బీరు లేదు. అల్లం కషాయం ఉంది. మిరియాలు, తాటిబెల్లం, కొంచెం వాము కూడా పడ్డాయని మా వంటవాడు చెప్పాడు. వాళ్లు గొడవ చేస్తారనుకున్నాము. ఇంకొకటి తెమ్మన్నారు. కాచి చూశాము, మా దగ్గర ఎవరికీ అట్లా కుదరలేదు.

అంటే అయిదు సీసాలు ఎవరూ ముట్టలేదని రాసిస్తాను. ఆరోది ఎవరో తాగారు. గదిలో ఉన్నది మీరు ముగ్గురే. మీరు కడుగుతున్నారు, మీ శ్రీవారు తోటలో ఉన్నారు. ఆ పెద్దావిడ కాపలా ఉన్నారు కాబట్టి ఆవిడ అయ్యే అవకాశం లేదు. నాకు పాలుపోవడం లేదు. పేరు తెలిస్తే మొత్తం ఆరింటికీ కాగితం పంపుతాను.

క్షమాపణలతో,
ప్రేమ్‌సాగర్

తా.క. ఆ కషాయం ఎవరు కాచారో తెలిస్తే వాళ్ల దగ్గర నుంచి నెలకు కొన్ని డబ్బాలు కొంటాము. ధర చెప్పగలరు.


జహీరాబాద్,
జులై 22.

చిరంజీవి ప్రేమ్‌సాగర్‌కు,

శరణమ్మ ఆశీర్వదించి రాస్తున్నది. ఇన్ని ఉత్తరాలయ్యాక గారు అనడం బాగుండదు.

నీ ఉత్తరం వచ్చిన రోజే వదినను పిలిచి, కూర్చోబెట్టి, చదివి వినిపించాను. మూత వదులు అన్నదాకా బాగానే విన్నది. అల్లం దగ్గర కొంగు సర్దుకున్నది. మిరియాలు, తాటిబెల్లం దగ్గర కిటికీలోంచి చూసింది. నేను కళ్లద్దాలు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకుని, "వాము" అన్నాను.

"ఆపు శరణీ, ఇగ చదివింది సాలు" అన్నది.

మోకాళ్ల నొప్పికని వదిన ఎక్కడికి పోయినా ఫ్లాస్కులో కషాయం తీసుకుపోతుంది. అట్లా కాచేవాళ్లు మా ఊళ్లో ఇంకొకరు లేరు. "ఎండకు సీసా సల్లగ కనబడ్డది. జర రుచి చూద్దామనుకున్న. చూస్తుండంగనే అయిపోయింది. ఖాళీ సీసా పెడితే నీకు మాటొస్తదని నింపిన" అన్నది. నా కోసమే నింపిందట. బిల్లు కవరు చించి అందరికంటే ముందు ఎందుకు అరిచిందో నేను అడగలేదు. ఉత్తరం మడిచి బీరువాలో పెట్టి తాళం వేశాను, అంతే. తాళం చప్పుడు ఆమె విన్నది.

సోమవారం పెద్దలు కూర్చున్నారు. నీ కాగితం అవసరం రాలేదు. వదిన అందరికంటే ముందుగా లేచి నిలబడింది. "నా తమ్ముడు మజ్జిగ పులిస్తే గూడ ముట్టడు. గా బిల్లు తప్పు. నేను గదిలనే ఉన్న, నా కండ్లతోని చూసిన" అన్నది. అందులో ఒక్క ముక్క అబద్ధం లేదు. సొంత అక్కే చెప్తుంటే ఇంకేం కావాలని పెద్దలు తాళం తెచ్చి మా ఆయన చేతిలో పెట్టారు. రాత్రి దిండు కింద పెట్టుకుని పడుకున్నాడు.

ఆరో సీసా డబ్బులు మనియార్డర్ చేశాను. "ఫ్రిజ్ తుడుస్తుంటే ఒలికింది" అని నా పేరున రాసుకో.

కషాయం సంగతి. వదిన ఒప్పుకున్నది. డబ్బాకు రెండు వందలు, అన్నీ కలిపే. అయితే డబ్బా విడిగా. మూత ప్యాకేజీలో లేదు. వాము కొంచెమే కలుస్తుంది, సరిపడా కావాలంటే రుచి నిర్వహణ రుసుము. కాచేటప్పుడు కట్టెల సంగతి నీకు చెప్పాల్సిన పని లేదు. కలిపి చూసుకో, మా బిల్లుకు సరిగ్గా సరిపోతుంది. ఒకసారి కాదు, నేను రెండుసార్లు కూడి చూశాను.

ఇట్లు,
శరణమ్మ

తా.క. నువ్వు పంపిన గ్లాసు వదిన తీసుకుపోయింది. కషాయం తాగడానికట.

మరొక తా.క. శ్రావణం కాగానే వదిన మళ్లీ మీ దగ్గరికి వస్తానంటున్నది. అదే గది కావాలట. ఈసారి నేను శ్రమపడొద్దట, ఫ్రిజ్ తనే తుడుస్తుందట.