నాయన తంబురాకు లావు తీగలు

కర్నూలు, 14-2-55

నాయనకు ఎజ్రా వందనాలు. రాజధాని వచ్చి ఏడాది దాటినా మా ఆఫీసు ఇంకా డేరాలోనే ఉంది, నేను బాగున్నాను.

తంబురాను హనుమంతునిపాడు చర్చివాళ్లకు ఇచ్చేసి, పాడటం మానేస్తానని రాశారు. అట్ల చేయవద్దు. తంబురా చెడిపోలేదు. జ్వరం తర్వాత మీ గొంతు దిగిందని పాత తీగలనే వదులు చేస్తూ వచ్చారు, అందుకే అవి గరగరమంటున్నాయి. క్రిస్మసుకు మీరిచ్చిన తెగిన తీగ ముక్కను ఇక్కడ తంబురాలు బాగుచేసే సాయిబుకు చూపి, మీ గొంతు దిగిన సంగతి చెప్పి, ఇదే లావు తీగ కావాలన్నాను.

"ఇదే లావు ఏస్తే మళ్లా ఇట్లే ఏడుస్తాది గదా! గొంతు దిగితే తీగ లావెక్కల్ల. మీ నాయన ఏ శ్రుతిలో పాడతాడు?" అన్నాడు.

నాకు శ్రుతుల సంగతి తెలియదు. అన్నం ముందు మీరు చెప్పే ప్రార్థనను మీ గొంతు పెట్టి దుకాణంలోనే చెప్పాను. ఆయన తీగలు మార్చి మార్చి బిగించి మీటుతూ, చివరికి ఆ గొంతుతో కలిసే లావు పట్టుకున్నాడు. గరగర లేదు. నేను ప్రార్థన ముగిస్తే సాయిబు కూడా ఆమేన్ అన్నాడు.

తీగలు శనివారం మస్తానయ్య బాబాయితో పంపుతాను. అవి దూరే చిల్లులు సన్నమైతే వడ్రంగి బ్రహ్మం మామతో వెడల్పు చేయించండి, మీరు కత్తి పెట్టవద్దు. అమ్మ మోకాలి నొప్పి తగ్గిందా? నల్లమేక ఈనిందా? బాబాయి తిరిగి వచ్చేటప్పుడు నా కంబళి ఇచ్చి పంపండి.

అమ్మకు వందనాలు, చెల్లెలు యేసుమణికి దీవెనలు. ఈస్టరుకు వస్తాను. ఆ రోజు తొలి పాట మీరే ఎత్తుకోండి. మేమంతా మీ శ్రుతికే దిగి పాడతాం.

ఎజ్రా