రెండోసారిదే పట్టు

ఉమా, నిన్ను లేపలేదు. మొదటి బస్సుకు ఎమ్మిగనూరు పోతున్నాను.

లేవగానే వచ్చే మూత్రం పట్టవద్దు. రెండోసారిది నీలం మూత సీసాలో పట్టి పెట్టు. ఎనిమిదిన్నరకు ల్యాబు నుంచి నందిని వస్తుంది. ఎముక ఎంత అరుగుతోందో, సూదిమందు పనిచేస్తోందో లేదో అందులోనే తెలుస్తుందట.

పోయినసారి స్నానానికి ముందే మొదటిది పట్టి ఇచ్చేశావు. "మడి కట్టుకున్నంక ఆ సీసా ఎట్ల ముట్టేది, మీరే సెప్పండి" అన్నావు. ఆ పరీక్ష పనికిరాలేదు. మూడు నెలలు పోయాయి. నీ నడుము ఇంకొంచెం వంగింది.

ఈరోజు నందిని వచ్చి పోయాకే స్నానం చెయ్యి. దీపం నేను పెట్టాను, నైవేద్యం కూడా అయింది. నీకు తొందర లేదు.

ముప్పై ఏళ్లు తడిచీరతో వంగి దేవుడి గడప కడిగావు. ఒక్క పూట మడి ఆలస్యమైతే ఆయనకు కోపం వస్తుందా? దీపం పెట్టేటప్పుడు అడిగాను.

పాలు కాచి మూత పెట్టాను.

మందారాలు నీలాగా అమర్చడం నాకు రాలేదు. పటం ముందు వంకరగా ఉన్నాయి. వంగి సర్దవద్దు, అట్లే ఉండనీ.